మిరుగం దాకా లావెండర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. బాటనీతో బీయస్సీ పూర్తయి ఏడాది దాటింది. వరంగల్ లైబ్రరీలో మొక్కల పుస్తకాలున్న అల్మారాను పై అర నుంచి కింది అర దాకా చదివేశాను. ఇరవై రెండేళ్లప్పుడు ఉండే ఆ ధీమా (మా అమ్మ దాన్ని ధీమా అనేది కాదు, పొగరు అనేది) మనిషికి మళ్లీ రాదు. రానందుకు చుట్టుపక్కల వాళ్లు సంతోషిస్తారు కూడా. ఆ ధీమాతోనే కాశిబుగ్గలో మా డాబా మీద లావెండర్ పెంచుతానని బంధువులందరి ముందూ ప్రకటించాను. మా బాపు ఈ మధ్యే పోయాడు, ఇంకా ఏడాది నిండలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆయన గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడి వెళ్లారు. నాకు అలాంటి మాటలు రావు, వచ్చినా వాడబుద్ధి కాదు. ఈ లావెండర్ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పగలను.

బాపు ధాన్యం మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. రైతు తెచ్చిన ధాన్యాన్ని కొనేవాళ్లకు అమ్మిపెట్టే దుకాణం అది. అక్కడ బేరాలన్నీ నోటి మాట మీద నడుస్తాయి. పొద్దున అన్న మాట సాయంత్రానికి మార్చినవాడి దగ్గరికి మర్నాడు ఎవరూ రారు. ఆ అలవాటు కొద్దీ బాపు ఇంట్లో కూడా చాలా తక్కువ మాట్లాడేవాడు, అన్నాక మార్చేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే "ఇయ్యాల వంకాయ తినబుద్ధయితలేదు" అన్నాడు. అది వినని అమ్మ మధ్యాహ్నానికి గుత్తి వంకాయ చేసింది. ఆయనకు ప్రాణమైన కూర. వాసన చూశాడు, గిన్నె వైపు చూశాడు, చారు పోసుకుని తిని లేచిపోయాడు. (ఆయన వంతు నాకు వచ్చింది కాబట్టి బాగా గుర్తుంది.)

ఆ ఏడు మేడారం జాతరకు వెళ్లివచ్చిన బంధువులు మా ఇంట్లో దిగి బంగారం పంచుకుంటున్నారు. (బంగారమంటే బెల్లం. సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించేది దానితోనే.) బాపు వాళ్ల అన్న, అంటే మా పెద్దబాపు, కోర్టులో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్లు తీర్పులు విని విని తనూ చెప్పడం అలవాటు చేసుకున్నాడు కాబట్టి, ఆయన లేనప్పుడు అందరం జడ్జి అనేవాళ్లం. బెల్లం ముక్క నోట్లో వేసుకుని నా కేసు తీశాడు.

"పిల్ల ఏడాది సంది ఇంట్ల కూసున్నది. బీఈడీ చేపియ్యరాదుర తమ్మీ."

"నేను నర్సరీ పెడత పెద్దబాపూ," అన్నాను.

"మంచిదే. చిన్న పోరగాండ్ల బడి బాగనే నడుస్తది. దానికి గూడ బీఈడీ ఉంటే అక్కరకొస్తది."

"బడి గాదు. చెట్ల నర్సరీ."

గదిలో బెల్లం నమలడం ఆగిపోయింది. "చెట్లా? చెట్లు గూడ కొంటరా ఎవలన్న?"

నేను సిద్ధంగానే ఉన్నాను. "మడికొండ దిక్కు కొత్త ఇండ్లు లేస్తానయ్, ఆఫీసులు వస్తానయ్. మల్లె, గులాబి అందరు అమ్ముతరు. నేను లావెండర్ అమ్ముత. ఈడ ఎవ్వల దగ్గర లేదు."

"లవంగాలా?" అంది నానమ్మ. ఆ రోజు మొదలు ఆమెకు అది లవంగం చెట్టే. పులావు వండిన ప్రతిసారీ కాయలెప్పుడు కాస్తాయని అడిగేది.

"లావెండర్ అంటే మా దవాఖానల బాత్రూంలు కడుగుతరు సూడు, గదే వాసననా?" అంది సిస్టర్ ఆంటీ. ఆమె మా పై వాటాలో కిరాయికి ఉండేది. దవాఖానలో నర్సు కాబట్టి సిస్టరు, మాకు వరసకు ఆంటీ, రెండూ కలిసి సిస్టర్ ఆంటీ అయింది. ఆదివారం చర్చికి, మిగతా రోజులు డ్యూటీకి, మధ్యలో ఖాళీ దొరికితే మా ఇంటికి వచ్చేది.

పెద్దబాపు నవ్వాడు. "ఎవ్వల దగ్గర లేదంటివి గద, ఎందుకు లేదో జర సోంచాయించినవా? మన ఎండలకు బతకదు గన్క లేదు."

అది న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడైతే ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం ఎండకు తట్టుకునే రకాలు ఉన్నాయని, సరిగ్గా ఎంచుకుని సరిగ్గా పెంచితే బతుకుతాయని, పుస్తకంలో పేజీ చూసినట్టు చెప్పాను. పెద్దబాపు ఒకటి అనడం, నేను రెండు అనడం, అమ్మ నన్ను గిల్లడం చాలాసేపు సాగాక బాపు నోరు విప్పాడు.

"సరే. ఎండకాలం సూద్దాం. మిరుగం దాకా ఒక్క చెట్టన్న పానంతోని ఉంటే నర్సరీ. లేకుంటే బీఈడీ. ఇగ దీని మీద మాట లేదు."

మిరుగమంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. మా ఇళ్లలో ఆ రోజు చేపల కూర తినాలి, ఎండాకాలం పోయిందని ఒప్పుకోవాలి. నా జీవితమంతా నల్లబల్ల ముందు నిలబడి గడుస్తుందా, మొక్కల మధ్య గడుస్తుందా అన్నది ఆ చేపల కూర నాటికి తేలిపోతుంది. నలుగురిలో అన్న మాట, అందులో బాపు అన్న మాట.

లావెండర్లలో చాలా రకాలున్నాయి. నేను పుస్తకాల్లో వెతికి, ప్రతి చోటా 'హార్డీ' అని రాసి ఉన్న ఇంగ్లిష్ లావెండర్‌ను ఎంచుకున్నాను. హార్డీ అంటే మొండిదని నాకు నేను తెలుగు చెప్పుకున్నాను. మొండిదైతే వరంగల్ ఎండ ఏం చేస్తుంది? చలి కొండల వైపు నుంచి తెప్పించాను. శివరాత్రి వెళ్లి ఎండ కాస్త ముదరగానే అవి ఒక్కొక్కటే తల వాల్చేశాయి. మళ్లీ పుస్తకం తీసి, తొందరలో దాటేసిన మొదటి పేజీలు చదివితే తెలిసింది, తోట పుస్తకాల్లో హార్డీ అంటే మంచుకు తట్టుకునేదని. కాశిబుగ్గలో మంచు కురిసి ఉంటే నా మొక్కలు నిక్షేపంగా ఉండేవి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "అవి నమూనాకు తెప్పించినయ్," అన్నాను.

రెండోసారి తొందరపడలేదు. ఆకు అంచులు రంపం పళ్లలా ఉండే రకం ఒకటుంది. దాని పువ్వు వాసన ఇంగ్లిష్ దానంత తియ్యగా ఉండదు, కొంచెం కర్పూరంలా ఘాటుగా ఉంటుంది. మంచు పడితే చచ్చిపోతుంది. వేడికి మాత్రం అంతగా బెదరదు. పుస్తకాలు దాన్ని హార్డీ అనవు. మనకు కావలసింది పుస్తకాలు మొండిదని ఒప్పుకోని ఆ మొండిదే. హైదరాబాద్‌లో ఒక నర్సరీలో దొరికితే అయిదు మొక్కలు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. విత్తనాల జోలికి పోలేదు, అవి మొలిచేలోపు మిరుగం వచ్చి పోతుంది.

వాటిని నాటిన పద్ధతికి ఇప్పటికీ వంక పెట్టలేను. ప్లాస్టిక్ కుండీలు వద్దని వెడల్పు మూతి మట్టికుండీలు తెచ్చాను. ఎర్రమట్టిలో దొడ్డు ఇసుక, సన్న కంకర సమంగా కలిపి, చిటికెడు సున్నం వేశాను. పెంట, అంటే పశువుల ఎరువు, వేయలేదు. బలమైన మట్టిలో లావెండర్ మెత్తగా పెరిగి కుళ్లిపోతుంది. కుండీల కింద ఇటుకలు పెట్టి అడుగున గాలి ఆడేలా చేశాను. అన్నిటికంటే ముఖ్యం, లోపలిదాకా మట్టి ఎండిపోతే తప్ప నీళ్లు పోయకూడదు. ఈ చివరి మాట దగ్గరే మా ఇల్లు అడ్డం తిరిగింది.

"రాళ్లల్ల నాటితివి, పెంట లేకపాయె, నీళ్లు గూడ పొయ్యవా?" అంది నానమ్మ. "లవంగం చెట్టు నీకేం పాపం జేసిందే?"

మా వైపు ఎండాకాలంలో దాహమన్న మాట మామూలు మాట కాదు. చౌరస్తాలో చలివేంద్రం పెడతారు. అమ్మ గోడ మీద పిట్టలకు మూకుడుతో నీళ్లు పెట్టి, అవి తాగాయో లేదో చూసుకునేది. గేటు ముందుకు గొడ్డు వస్తే బకెట్ బయటికి వెళ్లేది. అలాంటి ఇంట్లో నేను డాబా మీద ప్రాణమున్న వాటిని నిలబెట్టి నీళ్లివ్వొద్దని చెప్తున్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. అప్పుడే అనుమానపడవలసింది.

ఉగాది వెళ్లగానే మొదటి మొక్క పోయింది. ఎండకు పోతే ఆకు కరకరలాడాలి. ఇది మెత్తగా వాలిపోయింది. పీకి చూస్తే వేర్లు నల్లబడి కుళ్లు వాసన. నీళ్లెక్కువైన చావు అది, చదివిన నాకు ఏ అనుమానమూ లేదు. కానీ నేను నీళ్లే పోయలేదు. ఇసుక తక్కువైందేమోనని మట్టి మార్చాను. రెండోది కూడా అలాగే పోయింది. అప్పుడు ఒక పొద్దున కుండీలో వేలు పెట్టి చూస్తే మట్టి తడిగా ఉంది.

నేను ఎవరినీ అడగలేదు, కేకలు వేయలేదు. చదువుకున్నదాన్ని కాబట్టి బోర్డు రాశాను. అట్టముక్క మీద, దూరానికి కనపడేంత లావు అక్షరాలతో, పుస్తకాల తెలుగులో: 'ఈ కుండీలకు నీళ్లు పోయరాదు'. కుండీల వెనక గోడకు మేకు కొట్టి తగిలించి, పని పూర్తయిందని కిందికి దిగాను.

ఆ తర్వాత మొక్కలు మరింత వేగంగా చావడం మొదలుపెట్టాయి. మూడోది పోయింది, నాలుగోది పోయింది. కుండీలు ఇప్పుడు తడిగా కాదు, బురదగా ఉన్నాయి. ఇంక లాభం లేదని ఒకరోజు ఎండ ఎక్కకముందే మెట్లగదిలో తలుపు చాటున కూర్చున్నాను. ముందు నానమ్మ వచ్చింది. మోకాళ్లు నొప్పులని దేవుడి గది గడప దాటని మనిషి, బియ్యం కడిగిన నీళ్ల గిన్నె మెట్టు మెట్టుకూ కింద పెట్టుకుంటూ వచ్చి, "తాగు బిడ్డా, తాగు," అని పోసింది. ఆమె దిగగానే అమ్మ చెంబుతో వచ్చింది. అమ్మ దిగగానే సిస్టర్ ఆంటీ, డ్యూటీ నుంచి వచ్చిన తెల్లచీరతోనే, బకెట్ పట్టుకుని వచ్చింది. బకెట్ చూశాక ఆగలేకపోయాను.

"ఆంటీ! అంత పెద్ద బోర్డు రాసిపెట్టిన గద!"

"రాసినవని గదా బిడ్డా పోస్తాన," అంది ఆమె, నేనేదో మెచ్చుకున్నట్టు. "నీళ్లు పోయరాదు అని ఎంత మంచిగ రాసినవ్! మొదాలు ఎప్పుడన్న ఓసారి పోస్తుంటి. నువ్వు అంత మర్యాదగ అడిగినంక రోజు పోస్తాన. మీ నానమ్మకు గూడ నేనే సదివి చెప్పిన."

నేను బోర్డు వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి దాన్ని మా వాళ్ల చెవితో చదివాను. పుస్తకాల్లో పోయరాదు అంటే పోయకూడదు. మా ఇళ్లలో 'తినరాదు' అంటే తినమని బతిమాలడం, 'కూసోరాదు' అంటే కూర్చోమని మర్యాద చేయడం. పుట్టినప్పటి నుంచి ఆ మాటల మధ్యే పెరిగి, గోడ మీద అంతంత అక్షరాలతో 'ఈ కుండీలకు జర నీళ్లు పోయండి' అని ఊరంతటినీ వేడుకున్నాను. అమ్మను అడిగితే, "నాకు గమ్మతే అనిపించింది. పొయ్యొద్దని నోటితోని అంటివి, పోయరాదు అని గోడకు రాస్తివి. మనసు మార్చుకున్నవనుకున్న," అంది.

బోర్డు తిప్పి, వెనక వైపు 'నీళ్లు పొయ్యొద్దు' అని రాశాను. ముగ్గురూ ఆగిపోయారు. సిస్టర్ ఆంటీ అయితే, "గిట్ల కోపంగ రాస్తే ఎవలు పోస్తరు?" అని కొంచెం నొచ్చుకుంది కూడా. మిగిలిన ఒక్క మొక్కను, ఎందుకైనా మంచిదని, మెట్లగది పైకప్పు మీదికి చేర్చాను. దాని మీదికి ఎక్కాలంటే నిచ్చెన వేసుకోవాలి. నానమ్మ ఎక్కలేదు, అమ్మ ఎక్కదు, సిస్టర్ ఆంటీ చీరతో ఎక్కలేదు. అయినా మూడో నాటికి మట్టి మళ్లీ తడిగా ఉంది.

ఈసారి నడి మధ్యాహ్నం కాపు కాశాను. బాపు మార్కెట్ నుంచి అన్నానికి వచ్చే వేళ. చెప్పులు విప్పిన చప్పుడు వినిపించింది, కానీ ఆయన వంటింట్లోకి వెళ్లలేదు. మెట్లెక్కాడు. బనియన్ మీద, ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని, చెంబు తొణకకుండా ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. వడ్లు చేతిలోకి తీసుకుని, తడి ఉందని గింజ కొరికి చెప్పే మనిషి, పొద్దంతా తడి వడ్లు వద్దని చెప్పి వచ్చి, ఎండిన కుండీని తడుపుతున్నాడు.

"బాపూ!"

చెంబు ఆగింది.

"నేను ఓడాల్నని ఉంటే ఊకె ఉంటే అయిపాయె గద! నీళ్లెందుకు పోస్తానవ్?"

"ఓడాల్నని ఎవరన్నరే?" అన్నాడు, నిచ్చెన మీది నుంచే. "ఓడద్దనే పోస్తాన."

"బీఈడీ అని ఒట్టువెట్టింది నువ్వే గద?"

"అన్న. అందర్ల అన్న. నువ్వు మీ పెద్దబాపుతోని గట్ల కొట్లాడవడితివి, ఏదో ఒకటి అని ఆపాలె గద, అన్న. ఇగ ఎనుకకు తీసుకునెతందుకు లేదు. అందుకే చెట్టన్న బతికితే..." అని ఆగాడు.

"పొయ్యొద్దని రాసిన. సదవలేదా?"

"సదివిన. పొయ్యొద్దనే రాసినవ్." చెంబులోకి చూసుకున్నాడు. "ఎండల ఒక్కతే నిలవడ్డది బిడ్డా. ఇంట్ల కూసొని అన్నం తినుకుంట ఎట్లుండాలె?"

అంతదాకా నేను బాపును ఎదుటి పక్షం అనుకున్నాను. చెంబు అందుకుని, ఆ నీళ్లు నేను తాగేశాను. ఆయన దిగివచ్చి, "మరి నేనేం జెయ్యాలె?" అని అడిగాడు.

"ఏం జెయ్యకు బాపూ."

"ఏం జెయ్యకుంట నాతోని గాదు."

అది నిజమని నాకూ అనిపించింది. అందుకే పని ఇచ్చాను. ఏ రకం లావెండర్‌కైనా మన వైపు వైశాఖంలో, జ్యేష్ఠంలో మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ మరీ ఎక్కువ. పొద్దుటి ఎండ చాలు. మర్నాడే ఆయన మార్కెట్ నుంచి పాత గోనెసంచులు తెచ్చి, విప్పి, వెదురు కర్రలకు కట్టి తెర చేశాడు. మొక్కను కిందికి దించి డాబా మీద తెర పక్కన పెట్టాం. ఆ రోజు నుంచి ఆయన అన్నం మెట్లగదిలోనే. పొద్దు వాలిన కొద్దీ లేచి తెర జరిపేవాడు, మళ్లీ వచ్చి తినేవాడు. ఒక ముద్ద చెట్టుకు, ఒక ముద్ద తనకు అన్నట్టు నడిచేదని అమ్మ నవ్వేది. నీళ్లు మాత్రం నేనే పోసేదాన్ని, మట్టి లోపలిదాకా ఎండాక. నేను పోస్తున్నప్పుడు ఆయన పక్కన నిలబడి, ఇంకొంచెం పోస్తానేమోనని చెంబు వైపు చూసేవాడు.

మిరుగం వచ్చింది. పెద్దబాపు చేపలు తీసుకుని పొద్దున్నే దిగాడు. కూర ఉడికేలోపు తీర్పు చెప్పేద్దామని అందరం డాబా ఎక్కాం. మొక్క ఉంది. జానెడు ఎత్తున, బూడిద రంగు ఆకులతో, పువ్వు లేకుండా, ఎవరికీ గొప్పగా కనిపించని విధంగా ఉంది.

"సచ్చింది," అన్నాడు పెద్దబాపు.

"దాని రంగే అంత," అన్నాను.

"బతికున్నదాని రంగు, సచ్చినదాని రంగు ఒక్కటే అయితే ఎట్ల తెలుస్తదే?"

కొమ్మను గోటితో గీరి చూపించాను. లోపల పచ్చగా ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంకా నమ్మకం కుదరక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏందో దవాఖాన వాసనొస్తాంది," అన్నాడు.

"సచ్చినదానికి గంత వాసన ఉంటదార?" అంది నానమ్మ. "పిల్ల గెలిసింది, పా. కూర మాడుతాంది."

బాపు ఆ రోజు చేపల కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు. బీఈడీ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇంత జరిగాక వానాకాలం వచ్చింది. నేను గెలిచిన మనిషిని కాబట్టి, ఇన్నాళ్లు ఎండలో కష్టపడ్డ మొక్కకు కాస్త హాయిగా ఉంటుందని డాబా నడి మధ్యకు జరిపాను. ముసురు పట్టింది. ఇంట్లో అందరినీ బోర్డు పెట్టి ఆపిన నేను ఆకాశాన్ని ఆపలేదు. ముసురు విడిచేసరికి మొక్క మెత్తగా వాలిపోయి ఉంది. ఈసారి వేర్లు పీకి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. బాపు వచ్చి నా పక్కన నిలబడి కుండీలోకి వంగి చూశాడు.

"మాట మిరుగం దాకనే గద," అన్నాడు.

ఆ వారంలోనే పెద్దబాపు ఫోన్ చేశాడు. బాపు వసారాలో నిలబడి మాట్లాడుతున్నాడు. అటునుంచి గొంతు నా దాకా వినిపిస్తోంది, పెద్దబాపు ఫోన్‌లో కూడా కోర్టులో పిలిచినట్టే మాట్లాడతాడు. "చెట్టు ఎట్లున్నదిర తమ్మీ?" బాపు కొంచెం ఆలోచించాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. "మంచిగనే ఉండె అన్నా," అన్నాడు. ఉన్నది అనలేదు. ఉండె అన్నాడు. పెద్దబాపుకు తేడా వినపడలేదు, మార్కెట్ ధరల్లోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మడికొండ దగ్గర నాకు నర్సరీ ఉంది. లావెండర్ అడిగినవాళ్లకు రంపం అంచు ఆకు రకమే ఇస్తాను. మట్టి ఎలా కలపాలో చెప్తాను. అందరూ ఎండ గురించే అడుగుతారు. నేను వాన గురించి చెప్పి, తొలకరి పడగానే చూరు కిందికి జరపమని ఒకటికి రెండుసార్లు గుర్తు చేస్తాను. ఈ మధ్య సాయంత్రాలు దుకాణం మూసే ముందు కాసేపు ఊరికే కూర్చుంటున్నాను. అప్పుడు ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. వసారాలో వాళ్ల బాపు తన కోసం ఒక్క మాటను అంత జాగ్రత్తగా ఎంచుకోవడం విన్న మరునిమిషంలోనే, తను వానలో డాబా మీద గొడుగు పట్టుకుని హైదరాబాద్ నర్సరీ వాళ్లకు ఫోన్ చేస్తోంది. ఇంకో పది మొక్కలు పంపండి, వెంటనే పంపండి, ఇక్కడ బ్రహ్మాండంగా పెరుగుతున్నాయి, అంటోంది. వానలు తగ్గేదాకా జర ఆగరాదు అని చెప్పాలనిపిస్తుంది. వినే పిల్ల కాదు.